తొమెజిరో జుర్రుడు

తొమెజిరో రామెన్ నూడుల్స్ తింటుంటే ఊరంతా వినపడేది. ఆయనలో చెప్పుకోదగ్గ విశేషం ఇదొక్కటే. మిగతా అన్నింట్లోనూ మామూలు మనిషి. డెబ్భై దాటిన వయసు, గాలికి ఊగే శరీరం, జీవితమంతా చెక్క చెప్పులు చేసీ చేసీ చెక్కబారిన వేళ్లు, ఎదురైన ప్రతివాడికీ నడుం వంచి పెట్టే దండం. పిల్లి అడ్డొస్తే "ముందు మీరు వెళ్లండి" అని పక్కకు తప్పుకునే రకం. అలాంటి మనిషి ముందు రామెన్ గిన్నె పెట్టి చేతికి తినే పుల్లలిచ్చారో, ఇక అంతే.

జుర్రుకుంటూ తినడం వాళ్ల ఊరు కితకతలో తప్పు కాదు. జుర్రకుండా తినేవాణ్ణే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. పొద్దున్న ఏడింటికల్లా రామెన్ కొట్ల ముందు బారు తీరే ఊరది. రాత్రి డ్యూటీ దిగినవాళ్లూ, పొలానికి బయల్దేరినవాళ్లూ, ఏ పనీ లేని ముసలివాళ్లూ పక్కపక్కన కూర్చుని జుర్రుతుంటే వినడానికి హాయిగానే ఉంటుంది, పెంకుల మీద వాన మొదలైనట్టు. కానీ వానకూ గాలివానకూ తేడా లేదూ?

తొమెజిరోది గాలివాన. ముందు "స్సూ" అని సన్నగా ఎక్కడో కొండల వెనక బయల్దేరేది. దగ్గరికొచ్చేకొద్దీ "ఝుర్ర్ర్" అని గిన్నెలు అదిరేవి. చివర్లో నూడుల్ తోక పెదవిని కొట్టి "ఛప్" మనేది. ఒకసారి స్టేషన్‌లో గార్డు ఆ "ఛప్" విని రైలు తలుపులు పడ్డాయనుకుని విజిల్ ఊదేశాడు. సగంమంది ప్రయాణికులు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయారు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. "తొమెజిరో తింటున్నట్టున్నాడు" అనుకుని తరవాతి రైలు కోసం కూర్చున్నారు.

చలికాలం వస్తే ఇంకో గోల. అక్కడ మంచు మనిషెత్తున పడుతుంది. కప్పుల మీద పేరుకున్న మంచును ఎవరికి వాళ్లు నిచ్చెనేసుకుని, పార పట్టుకుని దించుకోవాలి. గెంపాచి రామెన్ కొట్టు కప్పు మీద మాత్రం మంచు నిలిచేది కాదు. తొమెజిరో మొదటి జుర్రుకే దబ్బుమని జారి వీధిలో పడేది. ఇది కనిపెట్టి వీధి చివర సోయా పాల తోఫు అమ్మే ముసలావిడ ఆయన్ని బతిమాలుకుంది.

"అన్నయ్యా, ఒక్క గిన్నె మా ఇంట్లో తినిపోకూడదూ? నడుం పట్టేసింది. పార ఎత్తలేకపోతున్నాను."

మొహమాటస్తుడు కదా, వెళ్లి తిన్నాడు. ఆవిడ కప్పు మీది మంచుతోపాటు ఎదురింటి కప్పు మీది మంచు కూడా దిగింది. ఎదురింటి కప్పు కూడా దిగిందనేవాళ్లున్నారు గాని, మరీ అంతమాట అనకూడదు. నాలుగు పెంకులు దిగాయి, అంతే.

ఇంత గాలివానకు ఎదురొడ్డి నిలిచినవాడు మంగలి సకుతారో. ఆయన కుర్చీ తొమెజిరో పక్కదే. రోజూ చొక్కా మీద సూప్ మరకలతో ఇంటికి వెళ్లలేక, షాపులో జనం మెడకు కట్టే తెల్ల దుప్పటి ఒకటి తెచ్చుకుని కట్టుకోవడం మొదలుపెట్టాడు. అవతలి పక్కవాడు నాకూ ఒకటి అన్నాడు. వాడి అవతలివాడు నేనేం పాపం చేశాను అన్నాడు. చివరికి బల్ల పొడుగునా అందరూ మెడలకు తెల్ల దుప్పట్లు కట్టుకుని తలలు మాత్రం బయటపెట్టి తినేవాళ్లు. ఒక పొరుగూరాయన లోపలికొచ్చి, బల్ల చివర బుద్ధిగా కూర్చుని, "చెవుల దగ్గర కొంచెం తగ్గించండి" అన్నాడు.

ఇదంతా చూస్తూ లోలోపల ఉడికిపోయే మనిషి ఒకతె ఉంది. గెంపాచి కూతురు ఫుసయే. గిన్నెలు అందించేదీ, బల్ల తుడిచేదీ, గోడ తుడిచేదీ, స్టూలెక్కి పైకప్పుకు అతుక్కున్న ఉల్లికాడ ముక్కలు గోకేదీ ఆవిడే. చిన్నప్పటినుంచీ ఆవిడకు చప్పుడంటే గిట్టదు. రామెన్‌ను కూడా చెంచాలో కొంచెం కొంచెంగా పెట్టుకుని, మందు తాగినట్టు తింటుంది.

చప్పుడు కంటే ఆవిడ కడుపు మండించే విషయం ఇంకొకటుంది. తొమెజిరో గిన్నెలో నూడుల్స్ గోపురంలా ఉండేవి. అందరికీ ఒక వంతయితే ఆయనకు రెండు. పంది మాంసం ముక్కలు గిన్నె అంచు దాటి బయటికి వేలాడేవి.

"నాన్నా, అందరికీ ఒకలాగే పెట్టొచ్చుగా? మొన్న సకుతారో గారు కూడా అడిగారు."

గెంపాచి పలికేవాడు కాదు. ఎప్పుడు పలికాడు గనక? ఆయన జనానికి వీపు పెట్టి, కాగుతున్న పెద్ద గంగాళం ముందు నిలబడితే కొండను నిలబెట్టినట్టే. ఏ గిన్నె ఎవరికో ఫుసయే చెక్క బిళ్లలు వరసగా పెడుతుంది. ఆయన బిళ్ల చూసి చేస్తాడు. మాటల్లేవు. ఇంట్లోనూ అంతే. నాన్న ఎవరి మాటా వినడని ఫుసయే ఊరంతా చెప్పుకునేది.

ఆయనకు ఒక్కటే పట్టుదల. నూడుల్స్ సరిగ్గా ఉడికితే తినేవాడి పెదవి మీద అవే పాడతాయని ఆయన గురువు చెప్పాడట. అందుకని గెంపాచి ఎవరి మొహమూ చూడడు. వెనక నుంచి ఆ రోజు మొదటి జుర్రు వినపడాలి. వినపడగానే తల ఒక్కసారి కిందికి ఊపుతాడు. అప్పుడే రెండో వాయికి చెయ్యి వేస్తాడు.

"ఆ పాట నా చెవిన పడని రోజు నా చెయ్యి చచ్చినట్టే. గుమ్మానికున్న నీలం తెర దించి, కొట్టు మూసి పడుకుంటాను" అని భార్య బతికున్నప్పుడు ఆవిడతో అనేవాడు, ఆవిడ పోయాక గంగాళంతో అంటున్నాడు. కొట్టు తప్ప ఆయనకు ఇంకేమీ రాదని, తెర దించితే నెల తిరక్కుండా మంచం పడతాడని ఫుసయేకు తెలుసు. అందుకే ఆ మాట ఎత్తినప్పుడల్లా ఆవిడ గబగబా ఇంకో బిళ్ల పెట్టేది.

ఇలా ఉండగా టోక్యో నుంచి ఒక పత్రికావిడ వస్తున్నట్టు కబురొచ్చింది. కితకత వాళ్ల పొద్దుటి రామెన్ గురించి రాస్తుందట. ఫుసయే ఆ సాయంత్రమే పైకప్పు కడిగింది. మర్నాడు పొద్దున్న తొమెజిరో ముందు నిలబడింది.

"బాబాయ్, గురువారం మీరు రాకండి."

తొమెజిరో నోటిదాకా వెళ్లిన పుల్లలు ఆగాయి. "నేనేం చేశానమ్మా?"

"ఏం చేశారా? పైకి చూడండి. ఆ మచ్చ మీది. ఆ పక్కదీ మీదే. పత్రికావిడ మొహం మీద ఉల్లికాడ పడితే ఏం రాస్తుంది?"

"దుప్పటి కడతాంలే," అన్నాడు సకుతారో.

"మీరు ఊరుకోండి సకుతారో గారూ. మీ దుప్పట్లతోనే సగం పరువు పోయింది."

"మిగతా సగం వాటితోనే దాచుకున్నామమ్మా."

తొమెజిరో పుల్లలు కింద పెట్టాడు. గంగాళం ముందు నిలబడ్డ గెంపాచి వీపు వైపు ఒకసారి చూశాడు. "నేను రాకపోతే మీ నాన్న..." అని ఆగి, "పోనీ వస్తాను, కొంచెం తగ్గించి..." అని మళ్లీ ఆగాడు. "ఊహూఁ. తగ్గిస్తే రాకపోవడంతో సమానం."

"మీరు తగ్గించడమే! చేప ఈత మానేస్తుందా?" అన్నాడు సకుతారో. కొట్టంతా నవ్వింది. తొమెజిరో కూడా నవ్వబోయాడు గాని మొహం సహకరించలేదు.

"అయితే ఒక్క పని చెయ్యి తల్లీ. గురువారం నువ్వు కూర్చుని తిను. మీ నాన్న వెనకే కూర్చో. గట్టిగా జుర్రు."

"నేనా?" ఫుసయే బల్ల గుడ్డ విదిలించింది. "ఛీ!"

గురువారం వచ్చింది. కొట్టు అద్దంలా ఉంది. దుప్పట్లు లేవు. సకుతారో పెళ్లికి వచ్చినట్టు కోటు తొడుక్కుని వచ్చాడు. పత్రికావిడ మధ్య కుర్చీలో కూర్చుంది. తొమెజిరో కుర్చీ ఖాళీ. గెంపాచి గిన్నెలు నింపాడు, ఫుసయే అందించింది. అందరూ పుల్లలెత్తి, పత్రికావిడ ఉందని కొంచెం మర్యాద కలిపి జుర్రారు. చక్కటి వాన చప్పుడు. ఫుసయే ప్రాణం లేచొచ్చింది. ఇదీ కొట్టంటే!

గెంపాచి తల ఊగలేదు.

కాసేపు ఆగాడు. ఎడమ చెవి కొంచెం వెనక్కి తిప్పాడు. కుడి చెవి తిప్పాడు. తరవాత, ఫుసయేకు బుద్ధి తెలిశాక ఎన్నడూ జరగని పని జరిగింది. గెంపాచి మొత్తంగా వెనక్కి తిరిగాడు. సకుతారో పుల్లలు జారవిడిచాడు. గెంపాచికి మొహం ఉంటుందన్న సంగతే అక్కడ చాలామంది మరిచిపోయారు.

ఆ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. బల్ల ముందు అందరి పెదవులూ కదులుతున్నాయి, నూడుల్స్ పైకి పోతున్నాయి. ఆయన వాళ్ల నోళ్లనే చూస్తూ నిలబడ్డాడు.

"పాట లేదు," అన్నాడు.

చరచరా వచ్చి అందరి ముందునుంచీ గిన్నెలు లాక్కున్నాడు. కొత్త పిండి నూడుల్స్ తీశాడు, మళ్లీ ఉడికించాడు, మళ్లీ పెట్టాడు. జనం బెదిరిపోయి ఇంకొంచెం గట్టిగానే జుర్రారు. ఆయన తల ఊగలేదు. మళ్లీ లాక్కున్నాడు.

"ఎంత నిష్ఠ! ఎంత నిష్ఠ!" అంటూ పత్రికావిడ కళ్లు తుడుచుకుని గబగబా రాసుకుంటోంది. సగం కొరికిన మాంసం ముక్క ఆవిడ పుల్లల మధ్య ఒంటరిగా మిగిలిపోయింది.

"అమ్మా ఫుసయే, మా గిన్నెలు ఉంచుతాడా లేదా కనుక్కో," అన్నాడు సకుతారో. "ఆకలి పెరుగుతోందే తప్ప తరగట్లేదు."

"నాన్నా! బాగున్నాయి నాన్నా! అందరూ తింటున్నారుగా!" అంది ఫుసయే. గెంపాచి పలకలేదు. ఎప్పటిలాగే. ఆవిడ కంగారులో వెనక్కి అడుగేసింది. మోచెయ్యి తగిలి గంగాళం ఇత్తడి మూత నేల మీద పడింది. పడి, గిర్రున తిరిగి, కొట్టంతా గణగణలాడించి ఆగింది. పత్రికావిడ చెవులు మూసుకుంది. వీధిలో కుక్క మొరిగింది.

మూతకు అడుగు దూరంలో నిలబడ్డ గెంపాచి రెప్ప కూడా వెయ్యలేదు.

ఫుసయే ఆ మూత వైపు చూసింది. నాన్న వైపు చూసింది. ఖాళీ కుర్చీ వైపు చూసింది. పైకప్పు మీద ఎంత రుద్దినా పోని మచ్చ వైపు చూసింది. అప్పటికే గెంపాచి నడుం గుడ్డ విప్పి, స్టూలు తీసుకుని, గుమ్మం దగ్గర నీలం తెర వైపు నడుస్తున్నాడు.

"సకుతారో గారూ! నాన్నను పట్టుకోండి!"

"ఎలా పట్టుకోనమ్మా?"

"ఏదో ఒకటి చెయ్యండి! క్షవరం చెయ్యండి!"

అని చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా మంచులోకి పరిగెత్తింది.

తొమెజిరో ఇంట్లో ఆయన భార్య ఇనె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. వీధిలో పండగొచ్చిందంటే అందరికీ వండిపెట్టేది ఆవిడే. ఆవిడ ముల్లంగి పులుసు తిన్నవాళ్లు వేరే ముల్లంగి ముట్టరు. తొమెజిరో బల్ల ముందు నూడుల్స్ తింటున్నాడు. ఫుసయే గుమ్మంలోనే ఆగిపోయింది. చప్పుడు లేదు. సన్నటి నూడుల్ పైకి లేచి, పెదవుల మధ్య మాయమవుతోంది. పొయ్యిలో నిప్పు చిటపటలే దానికంటే గట్టిగా ఉన్నాయి.

"చూడమ్మా, నువ్వే చూడు," అంది ఇనె, పలకరింపు కూడా లేకుండా. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస. తింటున్నాడో నిద్రపోతున్నాడో గిన్నెలోకి తొంగి చూస్తే తప్ప తెలియదు. మీ కొట్లో మాత్రం ఊళ్లు అదిరేట్టు జుర్రుతాడట! నా వంట జుర్రడానికి పనికిరాదన్నమాట!"

"బాబాయ్," అంది ఫుసయే ఆయాసపడుతూ, "నాన్నకు చెవులు వినపడవా?"

తొమెజిరో గిన్నె కింద పెట్టాడు. దొరికిపోయిన పిల్లాడిలా తల గోక్కున్నాడు.

"కొన్నేళ్ల కిందట ఒక చలికాలం కప్పు మీది మంచు మొత్తం ఒక్కసారి జారిందమ్మా. మేమందరం బల్ల కిందికి దూరాం. మీ నాన్న ఒక్కడే కదల్లేదు. ధైర్యం అనుకున్నాను. తరవాత చూస్తే నేను జుర్రినా తల ఊపట్లేదు. తెర వైపు చూస్తున్నాడు. నాకు భయమేసి కొంచెం గట్టిగా లాగాను. ఊపాడు. హమ్మయ్య అనుకున్నాను. నెల తిరిగేసరికి అదీ చాల్లేదు. ఇంకొంచెం గట్టిగా. మళ్లీ ఇంకొంచెం. నాకు మాత్రం వచ్చా ఏమిటి? నది గట్టు మీద కూర్చుని, తడి తువ్వాలు గొంతుదాకా పీల్చి నేర్చుకున్నాను."

"తువ్వాళ్లు అందుకా మాయమయ్యాయి!" అంది ఇనె.

"మరి నాతో చెప్పొచ్చుగా బాబాయ్!"

"చెబితే నువ్వు వాడికి చెబుతావు. చెబితే వాడు తెర దించుతాడు. వాడికి పొద్దున్నే నిలబడే చోటు అదొక్కటే. నాకు పొద్దున్నే కూర్చునే చోటూ అదొక్కటే." గొంతు తగ్గించాడు. "కాని ఒక్క మాటమ్మా, ఆ రెండు వంతులు నావల్ల కావట్లేదు. నాది పిచ్చుక కడుపు. వాడు కొండంత పెడతాడు. వదిలేస్తే నూడుల్స్ బాగాలేవనుకుంటాడు. తినేసి మధ్యాహ్నందాకా నది గట్టున బోర్లా పడుకుంటున్నాను."

ఇనె ఆలోచన మాత్రం వేరే చోట ఉంది. "ఇంతకీ," అంది నెమ్మదిగా, "నా వంట బాగాలేక కాదన్నమాట."

"నీ వంటకేమే! మనసుపెట్టి తింటే చప్పుడెందుకొస్తుంది?"

ఇనె మొహం ముల్లంగి రంగు నుంచి బీట్‌రూట్ రంగుకు మారింది. నడుం గుడ్డ బిగించి లేచింది. "పదండి. నేనూ వస్తాను."

ముగ్గురూ మంచులో పడుతూ లేస్తూ వచ్చేసరికి కొట్టు గుమ్మంలో సకుతారో గెంపాచి నడుం పట్టుకుని వేలాడుతున్నాడు. గెంపాచి స్టూలు మీద నిలబడి తెర కర్ర సగం ఊడదీశాడు. పత్రికావిడ ఇదేదో ఆచారం అనుకుని లేచి నిలబడి దండం పెడుతోంది.

ఫుసయే లోపలికి దూసుకెళ్లి బల్ల మీద చెక్క బిళ్ల ఒకటి టక్కున పెట్టింది. తండ్రి చెయ్యి పట్టుకుని దాన్ని చూపించింది. గెంపాచి బిళ్ల చూశాడు. వచ్చి తన కుర్చీలో కూర్చున్న తొమెజిరోను చూశాడు.

"ఆఖరి గిన్నె," అన్నాడు బొంగురుగా. గంగాళం వైపు తిరిగాడు.

గోపురం లేచింది. గిన్నె వచ్చింది. ఇంట్లో అప్పుడే ఒక గిన్నె తిని వచ్చిన తొమెజిరో ఆ కొండ వైపు చూసి ఒకసారి కళ్లు మూసుకున్నాడు. సకుతారో కోటు లోపల దాచుకున్న దుప్పట్ల కట్ట తీసి, బల్ల పొడుగునా పరిగెత్తి, పత్రికావిడతో సహా అందరి మెడలకూ కట్టేశాడు.

"ఇది దేనికండీ?" అందావిడ.

"పట్టుకోండి," అన్నాడు సకుతారో. "బల్లను పట్టుకోండి."

తొమెజిరో ఊపిరి తీసుకున్నాడు. కిటికీ కాయితాలు లోపలికి వంగాయి.

ఆ జుర్రు గురించి ఊళ్లో ఇప్పటికీ ఎవరికి తోచినట్టు వాళ్లు చెబుతారు. గోడ గడియారం ఆగి వెనక్కి నడిచిందంటారు. స్టేషన్‌లో గార్డు విజిల్ ఊదడమే కాదు, తనే రైలెక్కి వెళ్లిపోయాడంటారు. తోఫు ముసలావిడ తన కప్పు మీది మంచు చూసి "థాంక్స్ అన్నయ్యా!" అని అక్కడినుంచే అరిచిందంటారు. అందరూ ఒప్పుకునేది మాత్రం ఒకటుంది. వీధి వీధంతా కప్పుల మీది మంచు ఒక్కసారిగా దబదబా దిగి, కొట్టు గుమ్మం మూసుకుపోయి, లోపల చీకటి పడింది. ఆ చీకట్లో "ఛప్" అని వినపడింది.

ఫుసయే దీపం వేసింది. గెంపాచి వీపు అలాగే ఉంది. భుజాలు ఒకసారి పైకి లేచి కిందికి దిగాయి. తల ఊగింది.

నడుం గుడ్డ మళ్లీ కట్టుకున్నాడు. తెర కర్ర తెచ్చి ఫుసయే చేతికిచ్చాడు, తగిలించమన్నట్టు. తరవాత కూతుర్ని దగ్గరికి పిలిచి, ఎవరికీ వినపడకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రహస్యంగా చెప్పాననుకున్నాడు పాపం. బల్ల మీది గిన్నెలు మళ్లీ అదిరాయి.

"వాడికి రెండు వంతులు ఎందుకని ఏడుస్తావు కదే! వాడితో అనకు. ఆ ఇనె వాడికి ఇంట్లో తిండి పెట్టదు! అందుకే వాడలా ఆవురావురుమని జుర్రుతాడు! ఆకలే పాపం!"

కొట్లో అందరూ మెల్లిగా ఇనె వైపు తిరిగారు. వీధి వీధికీ వండిపెట్టే ఇనె! ఆవిడ ముక్కుపుటాలు అదిరాయి. తొమెజిరో నోట్లో నూడుల్స్ వేలాడుతుండగానే ఆవిడ వైపు చూసి, కళ్లతోనే వంద దండాలు పెట్టాడు.

ఇనె లేచింది. బల్ల మీదికి వంగి, గెంపాచి చెవి దగ్గర నోరు పెట్టింది.

"అవునన్నయ్యా!" అని అరిచింది. "పెట్టను! నాకు వంటే రాదు!"

గెంపాచి బాధగా తలాడించాడు. "నాకు తెలుసమ్మా," అన్నాడు. "చప్పుడును బట్టే చెప్పగలను."

అని గంగాళంలోంచి ఇంకో వంతు తీసి తొమెజిరో గిన్నెలో వేశాడు. అంతకంటే పెద్ద గోపురం ఒకటి కట్టి ఇనె ముందు పెట్టాడు.

"వంట రానిదానివి, నువ్వు మాత్రం ఏం తింటావు తల్లీ. కూర్చో." వీపు తిప్పి, గంగాళం ముందు నిలబడి, ఎడమ చెవి కొంచెం వెనక్కి పెట్టి ఎదురుచూశాడు.

"జుర్రవే," అన్నాడు తొమెజిరో పొట్ట పట్టుకుని. "నావల్ల ఇక కాదు."

ఇనె మొగుణ్ణి చూసింది, కొండను చూసింది, ఆ వీపును చూసింది. పుల్లలు తీసుకుని గుండెల నిండా ఊపిరి పీల్చింది.

సకుతారో ఆవిడ మెడకు దుప్పటి కట్టాడు.